చైనా వైద్యంలో ఆలుగడ్డ: తాగేదెంత, పూసేదెక్కడ

ప్రశ్న: చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా అబ్బాయి, అక్కడ కడుపులో మంటకు ఆలుగడ్డ రసం తాగుతారని చెప్పాడు. అది నిజంగా వాళ్ల పాత వైద్యమేనా? ఎలా చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: వైద్యమే గానీ అంత పాతది కాదమ్మా. ఆలుగడ్డ దక్షిణ అమెరికా ఆండీస్ కొండల పంట. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు బయటికి తెచ్చాకే ప్రపంచమంతా తిరిగింది. కాబట్టి రెండో శతాబ్దపు చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ మందుల్లో అది ఉండే వీలే లేదు. ఆయన వాడిన 'శాన్‌యావ్' మన పెండలం జాతి తీగదుంప. ఇంటర్నెట్‌లో చాలామంది ఈ రెంటినీ కలిపేస్తున్నారు. ఆలుగడ్డను తర్వాతి వైద్యులు తమ పద్ధతిలో 'తీపి రుచి, సమ స్వభావం' (అంటే వేడీ చేయదు, చలువా చేయదు) అని లెక్కగట్టి, కడుపుకు, పెద్దపేగుకు చెందిన మందుల్లో చేర్చారు.

ఆ రసాన్ని తేనెతో చిక్కబరచి లేహ్యంగా చేసుకునే తీరు ఇది. కిలో గట్టి దుంపలు తీసుకుని చెక్కు మందంగా తీయండి. తురిమి, పలుచని గుడ్డలో పిండి, రసాన్ని పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున తెల్లగా పిండి పేరుకుంటుంది. పై తేటే వంచుకోండి. పిండి కలిస్తే పొయ్యి మీద గంజిలా ముద్దకట్టి అడుగంటుతుంది. తేటను ఒక పొంగు రానిచ్చి, సన్నని సెగ మీద కలుపుతూ చిక్కబరచండి. మిగిలినదానికి రెండింతల తేనె పోసి మళ్లీ చిక్కబడ్డాక దించండి. రోజుకు రెండుసార్లు, ఖాళీ కడుపున ఒక్కో చెంచా. రసం గాలి తగిలి నల్లబడితే కంగారు పడకండి, అది విషం కాదు.

విషం పచ్చబడ్డ తొక్కలో, మొలకల్లో ఉంటుంది. దాని పేరు సొలనిన్. మరిగిస్తే పోదు, పైగా రసం చిక్కబడేకొద్దీ అదీ చిక్కబడుతుంది. అందుకే ఈ లేహ్యానికి పచ్చదనం ఉన్న దుంప ఒక్కటి కూడా పనికిరాదు, ఆ భాగం కోసేసి వాడేద్దామనుకోకండి. చేదు తగిలినా, గొంతు మండినా పారబోయండి. షుగర్ ఉంటే తేనె వల్ల, కిడ్నీ జబ్బు ఉంటే పొటాషియం వల్ల ఇది వద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కడుపులో పుండ్లకు తరచూ కారణం హెలికోబాక్టర్ అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. దానికి యాంటీబయోటిక్సే మందు. మంట వారాల తరబడి ఉంటే పరీక్ష చేయించండి. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా లేహ్యం జోలికి పోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: సెలైన్ పెట్టిన చోట నరం వాచింది. ఆలుగడ్డ ముక్కలు పెట్టమంటున్నారు, పెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చైనా వార్డుల్లో నర్సులు చాలాకాలంగా చేస్తున్న పనే. ముందు ఆ సూది తీయించేయాలి, అది అలాగే ఉంటే ఏం పెట్టినా వాపు తగ్గదు. కడిగి చెక్కు తీసిన దుంపను రెండు మూడు మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి, వాపు మీద పరిచి, పైన తడిగుడ్డ కప్పండి. ఎండితే మార్చండి. సూది గుచ్చిన రంధ్రం మీద మాత్రం పెట్టకూడదు. దుంప మట్టిలో పెరిగింది, చీము పట్టే ప్రమాదం ఉంది. కాలిన పుండు మీద వద్దనేదీ అందుకే. జ్వరం వచ్చినా, నరం వెంట ఎర్రని గీత పాకినా బిళ్లలు తీసేసి డాక్టరుకు చూపించండి.