బాల్కనీలో పిగిలిపిట్ట గూడు పెట్టింది, ఏం చేయాలి?

రోడ్డు వైపు బాల్కనీలో మల్లె కుండీలో పిగిలిపిట్ట (బుల్‌బుల్) గూడు పెట్టిందని, కింద రోజంతా హారన్లు మోగుతుంటే పిల్లలు బతుకుతాయా, గూడు తీసి వెనక వైపు పెట్టమంటారా అని అడిగారు. దయచేసి కదపకండి. చోటు మారిస్తే చాలావరకు తల్లి రాదు, గుడ్లు చల్లబడిపోతాయి.

మాది దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు పక్కనే, రెండో అంతస్తు. ఎదురుగా మెట్రో, కింద బస్సులు, ఆటోలు, సాయంత్రమైతే బాల్కనీలో నిలబడి ఫోన్ మాట్లాడలేం. అక్కడే గ్రిల్‌కి పాకిన సన్నజాజి తీగలో, బట్టలారేసే దండేనికి మూరెడు దూరంలో, రెండేళ్లలో మూడుసార్లు గూడు పెట్టాయి. శబ్దం వాటికి లెక్కే కాదు, రోజూ తిరిగే బస్సులో గూడు పెట్టిన జంట కూడా ఉందట. వాటికి టెన్షన్ అంతా మనం దగ్గరకెళ్లి తొంగి చూస్తేనే.

మొదటిసారి నేను చేసిన తప్పు అదే. మూడు గుడ్లు, లేత గులాబీ రంగు మీద ఇటుకపొడి చల్లినట్టు చుక్కలు, ఆగలేక పొద్దునా సాయంత్రం ఫోన్ పట్టుకుని వెళ్లేదాన్ని, ఫొటోకి అడ్డొస్తున్నాయని నాలుగు ఆకులు కూడా తుంచాను. వెళ్లిన ప్రతిసారీ తల్లి లేచి కేబుల్ వైరు మీద కూర్చుని ఒకటే అరుపు. ఆ అరుపులు వింటూ ఎదురింటి వాటర్ ట్యాంక్ మీద కాకి. ఐదో రోజుకి గూడు ఖాళీ. ఆ ఆకులు ఉంచి ఉంటే కాకి కంట పడేది కాదేమో అని ఇప్పటికీ బాధేస్తుంది. అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

తర్వాతిసారి దండెం లోపలికి మార్చేశాం. గది కిటికీ కర్టెన్ సందులోంచి మాత్రమే చూశాం, తల్లి మేతకు వెళ్లినప్పుడు గబగబా తీగ మొదట్లో ఒక చెంబు నీళ్లు పోసి వచ్చేవాళ్లం. 14 రోజులకు పిల్లలయ్యాయి. బొచ్చు లేని రెండు ఎర్రటి ముద్దలు, నోళ్లే కనిపించేవి. తల్లీ తండ్రీ ఇద్దరూ మేత తెస్తాయి. ఒకరోజు పచ్చటి గొంగళిపురుగు తినిపించాక పెద్దది ఎగిరిపోకుండా గూటి అంచు మీదే ఆగింది, ఎందుకా అని చూస్తే పిల్ల వెనక్కి తిరిగి తెల్లటి సంచీలాంటి రెట్ట వేసింది, పెద్దది దాన్ని ముక్కుతో అందుకుని మింగేసింది! గూడు అంత శుభ్రంగా ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

ఇంకో మాట, పిల్లలు సరిగా ఎగరడం రాకముందే గూడు దిగుతాయి. మా దాంట్లో ఒకటి నేల మీద పడింది. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదు అంటారు కదా, అమ్మ కూడా వద్దంది, అయినా గుడ్డతో మెల్లగా ఎత్తి తీగలో పెట్టి లోపలికొచ్చి తలుపేశాను. పది నిమిషాల్లో పెద్దది వచ్చి మేత పెట్టింది. మీకూ అలా జరిగితే ఇంతే చేయండి, నోట్లో పాలు, నీళ్లు, అన్నం పెట్టొద్దు, దాని ప్రాణానికే ముప్పు. గింజలు, నీళ్ల గిన్నె పెట్టాలనుంటే మేడ మీద పెట్టండి, గూడు దగ్గర పెడితే కాకులను పిలిచినట్టే. సంక్రాంతి గాలిపటాల దారాలు గ్రిల్‌కి వేలాడుతుంటే ఈలోపే తీసేయండి, అవి గూటిలోకి తెచ్చుకుంటే పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి.

అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా గూడు తీసేయమంటే ఒప్పుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పిగిలిపిట్టకు రక్షణ ఉంది, దాని గుడ్లు తీయడం నేరం.

మీ దాంట్లో ఇప్పుడు గుడ్లేనా, పిల్లలయ్యాయా? దగ్గరకెళ్లి చూడకండి, పెద్దవి నోట్లో పురుగులతో వస్తుంటే పిల్లలు వచ్చినట్టే.