వార్తలను నమ్మేవాళ్లే లేరంటున్నారు, మా అమ్మాయిని జర్నలిజంలో చేర్పించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. జర్నలిజంలో పీజీ చేస్తానంటోంది, లేదంటే స్నేహితులతో కలిసి యూట్యూబ్‌లో వార్తల ఛానల్ పెడతానంటోంది. ఈ రోజుల్లో వార్తలను ఎవరూ నమ్మడం లేదు, విలేకరి అంటేనే చులకన. ఈ రెండింటిలో ఏది మేలు? లేక బీఈడీ చేయించమంటారా?
– ఒక తండ్రి, నల్లగొండ జిల్లా

జవాబు: రెండు దారుల్లో ఏది మేలని అడిగారు కానీ, మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘చులకన’. డిగ్రీ పరీక్షలు ముగిసే వేళకు ఏటా ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. పైకి అడిగేది జీతం గురించే అయినా, బంధువుల ఇళ్లలో మాట వచ్చినప్పుడు, రేపు సంబంధాలు చూసేటప్పుడు, అమ్మాయి ఏం చేస్తోందని చెప్పుకోవాలన్నదే తల్లిదండ్రుల అసలు బెంగ. అందుకే ముందుగా దానికే జవాబు చెబుతాను.

వార్తలను ఎవరూ నమ్మడం లేదన్న మాట సగమే నిజం. వార్తా మాధ్యమాలపై పరిశోధన చేసే రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024 నివేదికలో, వార్తలను చాలావరకు నమ్ముతామన్నవారు మన దేశంలో 41 శాతం ఉన్నారు. వార్తలకు యూట్యూబ్ వాడేవారు 54 శాతం, వాట్సాప్ వాడేవారు 48 శాతం. ఆ సర్వే ప్రధానంగా ఇంగ్లిష్ వచ్చిన ఇంటర్నెట్ వాడకందార్లపై చేసినది గనుక మన పల్లెలకు దాన్ని ఉన్నదున్నట్టుగా వర్తింపజేయలేము. పల్లెల్లో నేను చూసినది మరొకటి. ఏ పత్రిక ఏ పార్టీదో టీ కొట్టు దగ్గర ఎవరైనా చెప్పగలరు, రాజకీయ వార్త తేల్చుకోవడానికి రెండు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చదివేవారూ ఉన్నారు. అదే మనుషులు, ధాన్యం కొనుగోలు కేంద్రంలో తూకం మోసాన్ని గురించి జిల్లా పేజీలో వస్తే నమ్ముతారు, ఎందుకంటే దాన్ని వాళ్లు వెళ్లి చూసుకోగలరు. జనానికి యాజమాన్యాల మీద నమ్మకం పోయింది, వెళ్లి చూసి రాసే మనిషి అవసరం మాత్రం పోలేదు.

2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి వాట్సాప్‌లో పాకి, దేశంలో పలుచోట్ల అమాయకులు మూకదాడుల్లో చనిపోయారు. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పులతో, పాటలతో అది అబద్ధమని చెప్పించవలసి వచ్చింది. ఫోన్లో వచ్చినది నిజమో కాదో ఎవరో ఒకరు తేల్చి, జనానికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. మీ అమ్మాయి చేస్తానంటున్న పని అదే, అందులో చులకన ఏముందో నాకు తెలియడం లేదు.

ఒక మాట కఠినంగానే చెప్పాలి. జర్నలిజం దిగజారిందనడానికి రుజువుగా మీరు నాకు రెండు వాట్సాప్ వీడియోలు పంపారు. వాటిని ఎవరు తీశారో, అవి ఏ సంవత్సరానివో మీరు చూసుకున్నారా? చూసుకోకుండానే ఇంకెందరికి పంపి ఉంటారు? నమ్మకం పోయిందని బాధపడే మనమే ఆ నమ్మకాన్ని పోగొట్టే పనిలో రోజూ ఒక చేయి వేస్తున్నాం. మీరు అమ్మాయిని ఆపే ముందు, ఆ వీడియోలను ఆమెకే ఇచ్చి, నిజమెంతో తేల్చమని అడిగి ఉండవలసింది.

ఇక యూట్యూబ్ ఛానల్. దాని మీద నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి. మైకుకు లోగో తగిలించుకుని రోడ్డు మీదకు వచ్చిన పిల్లలను ఎందరినో చూశాను, వారిలో ప్రతిభ లేనివారు తక్కువ. కానీ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే, మామూలు నిడివి వీడియోలకైతే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఆ గంటల కోసం మొదటి నెలలో నిజాయితీగా పెట్టిన శీర్షిక మూడో నెలకు అరుపుగా మారుతుంది, వీడియో పైన కనిపించే బొమ్మలో (థంబ్‌నైల్‌లో) లేని గొడవ పుట్టుకొస్తుంది. రాసినది దిద్దే సబ్ ఎడిటర్ అక్కడ ఉండరు, ఇది వద్దని చెప్పే పెద్ద ఉండరు, కేసు వస్తే నిలబడే సంస్థ ఉండదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం ఇప్పటికీ నేరమే, రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇరవై ఏళ్ల పిల్ల ఒంటరిగా మోయవలసిన బరువు కాదది. పని నేర్చుకున్నాక పెట్టుకుంటే నేనే అభినందిస్తాను.

పీజీ దారిలో కూడా తేనె కారదు. మొదటి జీతం చిన్నదే ఉంటుంది. మండలంలో కంట్రిబ్యూటర్‌గా, అంటే పత్రికకు స్థానిక వార్తలు పంపే విలేకరిగా చేరితే వార్తలతో పాటు ప్రకటనలు కూడా తెమ్మంటారు, ఆ మెట్టు దగ్గర మాత్రం ఆగవద్దని చెప్పండి. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం చెబుతున్నారు, కొన్ని దినపత్రికలు సొంత స్కూళ్లలో భృతి ఇచ్చి నేర్పిస్తున్నాయి. వార్తలు దిద్దే డెస్క్‌లో రెండేళ్లు కూర్చుంటే వచ్చే భాష, అనుమానించే అలవాటు, నిజనిర్ధారణ నైపుణ్యం ఆ తరువాత ఆమె ఏ ఉద్యోగానికి వెళ్లినా వెంట వస్తాయి. బీఈడీ ఎక్కడికీ పోదు, ఆమెకు బడిలో చెప్పాలనిపించిన రోజున అప్పుడు చేయవచ్చు.

ఈ ఆదివారం ఆమెను మీ మండలంలోని ఒక సమస్య మీద మూడు వందల మాటల్లో వార్త రాయమనండి. ఇద్దరు ముగ్గురితో మాట్లాడి, ఒక కాగితం ఆధారంగా చూపించి రాయాలి. అది మీరు చదివి, ఆమె రాసినది నిజమో కాదో మీరే ఆ ఊరికి వెళ్లి చూసి రండి. ఆ తరువాత నాకు మళ్లీ రాయండి.