పాత సైకిల్ పట్టుకుంటున్న అల్లుడికి

అల్లుడూ,

ఆఫీసు టెన్షన్ ఇంటిదాకా వస్తోందని, అందుకే పాత సైకిళ్లు బాగుచేయడం మొదలుపెడతానన్నావని మీ అమ్మ చెప్పింది. మంచి ఆలోచన. ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే కూర్చో, ఫోన్ లోపల పెట్టు.

మొదటిదానికి గేర్ల సైకిల్ వద్దు. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు (తీగ బదులు ఇనుప కడ్డీలతో పట్టేవి) ఉన్న నల్ల సైకిల్ వెతుకు. హన్మకొండ, కాజీపేటలో పాత ఇండ్ల మెట్ల కింద అలాంటివి ఇంకా ఉన్నాయి, ముందు చుట్టాలనే అడుగు. పాత సామాన్ల దుకాణంలో కొంటే రసీదు తప్పనిసరి, దొంగసొత్తు కావచ్చు. టైర్లు చీలినా పర్వాలేదు. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసేచోట పగులుంటే మాత్రం వదిలెయ్.

ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితేనే ఊడుతుంది. పెడల్ కాడను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుకు రాత్రే నూనె వెయ్. తెల్లారి నట్టును పిన్ను కొనదాకా వదులు చేసి, కాడ కింద ఇనుప గొట్టం ఆనించి, సుత్తితో ఒకే గట్టి దెబ్బ కొట్టు. మెల్లగా తడుతూ పోతే మర నలిగిపోతుంది.

అసలు హాయి చక్రం మధ్యలోని హబ్బు విప్పినప్పుడే. పాత గ్రీజు గట్టిపడి నల్లగా ఉంటుంది. డీజిల్‌లో గుడ్డ ముంచి లోపలి కప్పు తుడువు, అందులో తిరిగే చర్రలు, అంటే ఉక్కు గుండ్లు, ఒక్కొక్కటే కడుగు. మామూలుగా ముందు చక్రంలో ఒక్కోవైపు 10, వెనక 9 ఉంటాయి. అయినా నువ్వు లెక్కపెట్టుకో. కొత్త గ్రీజులో చర్రలు ఒక్కొక్కటే అంటించి, కోను (ఇరుసు మీది శంకు లాంటి నట్టు) బిగించి, మళ్లీ కొంచెం వదులు చెయ్. చక్రం ఊగకూడదు, పట్టెయ్యకూడదు. ఆ రెంటి మధ్య సరైన బిగువు వేళ్లకు దొరికేదాకా గంట పట్టినా పట్టనీ. ఆ గంటలో ఇంకో ఆలోచన రాదు.

రంగు వేయించకు, నా మాట విను. ఇలాంటి సైకిళ్లు చేసిన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్‌లో ఆగిపోయింది. ఆ పాత పేరు బిళ్లలు, రంగు గీతలు మళ్లీ దొరకవు. రంగు లేని మెరుపు భాగాల మీది తుప్పును తడిపిన అల్యూమినియం కాగితంతో రుద్దితే చాలు.

తడి రిమ్ము మీద రాడ్ బ్రేకు సరిగా పట్టదు. కొత్తగా బిగించినదాన్ని కాజీపేట బ్రిడ్జి దిగుడు మీద పరీక్షించకు, ఇంటి గల్లీలోనే తొక్కి చూడు.

చర్రలు కొనేటప్పుడు పాతదొకటి వెంట తీసుకుపో, ముందువి వెనకవాటికంటే చిన్నవి. కోను పానాలు నా దగ్గరున్నాయి, వచ్చి పట్టుకుపో.

మీ మామ