ప్యాకింగ్ నట్ ఎంత బిగించినా నీరు ఆగట్లేదు, షాఫ్ట్ వేడెక్కుతోంది. ఏం చేయాలి?

చెన్నై హార్బర్‌లో నీళ్లమీదే ఉన్న సెయిల్ బోట్, 25 మి.మీ. షాఫ్ట్, స్టఫింగ్ బాక్స్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ పడవలోంచి బయటికి వెళ్లే చోట నీటిని ఆపే భాగం) చెయ్యి పెట్టలేనంత వేడి అన్నారు. ఇక ఆ నట్ జోలికి వెళ్లకండి. లోపలి ప్యాకింగ్‌లో, అంటే షాఫ్ట్ చుట్టూ కూరే అల్లిక తాడులో, జిడ్డు పోయి కట్టెలా బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని ఇంకా నొక్కితే షాఫ్ట్ అరుగుతుందే గానీ నీరు ఆగదు. మార్చాల్సిందే.

సైజు తేల్చుకోవడానికి నట్ లోపలి వ్యాసంలోంచి షాఫ్ట్ వ్యాసం తీసేసి సగం చేయండి. నట్ 38 మి.మీ. ఉంటే 6.5 వస్తుంది, అంటే పావు అంగుళం ప్యాకింగ్. చెన్నై ప్యారీస్ కార్నర్ వైపు షాపుల్లో గ్లాండ్ ప్యాకింగ్ అంటే పంపులకు వాడే నల్ల గ్రాఫైట్ రకం ఇవ్వచ్చు. తీసుకోకండి, ఉప్పునీటిలో అది స్టీల్ షాఫ్ట్‌కు గుంటలు పెడుతుంది. టెఫ్లాన్ పట్టించిన తెల్లది అడగండి.

మొదటిసారైతే పడవ గట్టెక్కించాకే చేయండి. నట్ విప్పేటప్పుడు రెండు స్పానర్లు ఉండాలి, ఒకటి ప్యాకింగ్ నట్‌కు, ఒకటి లాక్ నట్‌కు. ఒక్కదానితో తిప్పితే ఆ బలమంతా వెనకున్న రబ్బరు హోస్ మీద పడి అది మెలితిరుగుతుంది. పాత రింగులు కొక్కెంతో లాగండి, స్క్రూడ్రైవర్‌తో పొడవద్దు. అన్నిటికన్నా లోపలిది తరచూ మిగిలిపోతుంది, టార్చ్ వేసి చూడండి. ప్యాకింగ్ కూర్చునే చోట షాఫ్ట్ మీద గోరు ఆగేంత గాడి పడి ఉంటే కొత్తది వేసినా కారుతుంది.

కొత్త ప్యాకింగ్‌ను షాఫ్ట్‌కే చుట్టి, పదునైన బ్లేడుతో మూడు విడి రింగులు కోయండి. ఒకే ముక్కను స్ప్రింగులా చుట్టి పెడితే ఆ చుట్టు వెంబడే నీరు దారి చేసుకుంటుంది. అతుకులు ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో ఉండాలి. నట్ చేత్తో బిగించి, నీళ్లలోకి దించాక గేర్ వేసి అరగంట నడపండి. నట్‌కున్న ఆరు పలకల్లో ఒక్కో పలక చొప్పున తిప్పి బిగిస్తూ, నడుస్తున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడే దగ్గర ఆపి లాక్ నట్ వేయండి. ప్యాకింగ్‌ను చల్లబరిచేది ఆ చుక్కలే, పూర్తిగా ఆపాలని చూడకండి. బాక్స్ గోరువెచ్చగా ఉంటే చాలు.

చుక్కలకు పడవ మునగదు, హోస్ తెగితే మునుగుతుంది. నొక్కి చూడండి, పగుళ్లు కనబడినా మెత్తబడినా మార్చండి. రేడియేటర్ హోస్ పనికిరాదు. ప్రతి కొసకూ రెండేసి 316 స్టీల్ క్లాంపులు వేయాలి. చవక క్లాంపుల్లో పట్టీ స్టెయిన్‌లెస్సే, స్క్రూ మాత్రం మామూలు ఇనుము, అయస్కాంతం పెడితే తెలిసిపోతుంది. ఇదంతా అక్టోబరు వానలకు ముందే ముగించండి.

కొత్త ప్యాకింగ్ కూడా త్వరగా వదులైతే ఇంజిన్, షాఫ్ట్ ఒకే గీతలో లేవన్నమాట. పడవ నీళ్లలో ఉండగా కప్లింగ్ (ఇంజిన్‌ను షాఫ్ట్‌కు కలిపే రెండు పళ్లేల జోడు) బోల్టులు విప్పి చూడండి. 4 అంగుళాల కప్లింగ్‌లో ఆ పళ్లేల మధ్య 0.1 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) ఏ పక్కా దూరకూడదు.