గాలివాన చూడటం ఇష్టపడితే తప్పా?

కావలికి కోడలిగా వచ్చి ఆరేళ్లయిందని రాశారు. వాయుగుండం వార్త వినగానే మీకు ప్రాణం లేచివస్తుంది. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని మబ్బుల్ని చూస్తారు, గాలి ఎటునుంచి వీస్తోందో, మేడ మీది డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల నీరు చేరిందో పుస్తకంలో రాసుకుంటారు. కిందటిసారి మీ అత్తగారు "కొంపలు కూలుతుంటే నీకు వేడుకగా ఉందా" అన్నారు. అప్పటినుంచి ఇద్దరికీ మాటలు తగ్గాయి. ఈ అలవాటు మానేయాలా అని అడిగారు.

మానకండి. మీరు చూసినందువల్ల తుపాను రాదు, చూడనందువల్ల ఆగదు. ఆకాశాన్ని అంత శ్రద్ధగా గమనించే మనిషి ఇంట్లో ఉండటం మంచిదే.

అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అత్తగారి పుట్టిల్లు సముద్రం పక్క పల్లె అనీ, 1989లో ఆ ఇంటి కప్పు ఎగిరిపోయిందనీ ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోయారు. ఆ నవంబరు తుపాను థాయ్‌లాండ్ గల్ఫ్‌లో పుట్టి, బంగాళాఖాతమంతా దాటుకుని, మీ కావలి దగ్గరే తీరం దాటింది. మీకు హోరుగా వినిపించే గాలి ఆమెకు ఆ రాత్రిలా వినిపిస్తుంది. ఆమె కోపం మీ మీద కాదనే నా నమ్మకం. భయపడుతున్నానని కోడలితో చెప్పుకోలేని పెద్దావిడ కసురుకుంటుంది, అంతే.

వాన లేని రోజు చూసి, ఆమె పక్కన కూర్చుని ఆ రాత్రి గురించి అడగండి. మీ భర్త అప్పటికి పుట్టలేదు, ఆయన చెప్పేది విన్న సంగతే. ముందు గాలి ఎటునుంచి కొట్టింది? మధ్యలో కాసేపు ఆగిందా? తుపాను కన్ను నెత్తిమీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా సద్దుమణుగుతుంది, మళ్లీ ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. తగ్గిందనుకుని బయటికి వచ్చినవాళ్లు ప్రమాదంలో పడేది అప్పుడే. మీరు చదివి తెలుసుకున్న ఇలాంటి సంగతులు ఆమె ఒంటిమీద అనుభవించి ఉండవచ్చు. చెప్పడం ఇష్టం లేదంటే మాత్రం గుచ్చిగుచ్చి అడగవద్దు.

ఒక్క విషయంలో ఆమె పక్షమే నాది. గాలి ముదిరాక అద్దాల కిటికీ దగ్గర కూర్చోకండి. ఉరుములు వినిపిస్తుంటే డబ్బా చూడటానికి మేడ ఎక్కకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లుంటే పిడుగు సుమారు పది కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టు, అంటే మీరు ఇంట్లోనే ఉండాలి. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగండి.

మీ భర్తకూ ఒక మాట చెప్పండి. ఆ రోజు తల్లి అరుస్తుంటే ఆయన ఫోను చూసుకుంటూ కూర్చున్నారని రాశారు. ఈసారి హెచ్చరిక రాగానే కొవ్వొత్తులు, తాగునీరు, అత్తగారి మందులు సర్దే పని ఆయన తీసుకోవాలి. రాత్రి దీపం ఆర్పకుండా తల్లి గదిలో పడుకోవాలి కూడా.