ఏకై వచ్చి మేకైన మాట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ అనువాదం అందింది, రెండుసార్లు చదివాను. సంభాషణలు హాయిగా నడిచాయి, వాటి జోలికి పోను. మూడో పేజీ దగ్గర మాత్రం ఆగిపోయాను. 1500ల నాటి ఇంగ్లిష్ పల్లెలో, సంతకి నూలు తెచ్చి అమ్ముకునే స్పిన్‌స్టర్‌ని నువ్వు "పెళ్లికాని ముదురు కన్య" చేసేశావు. ఆవిడకి మొగుడున్నాడమ్మా! రెండు పేరాల తర్వాత రొట్టె తినడానికి ఇంటికొస్తాడు కూడా.

స్పిన్ అంటే వడకడం. చివరనున్న 'స్టర్' పాత ఇంగ్లిష్‌లో ఆ పని చేసే ఆడమనిషిని చెప్పే ముక్క. నేసే ఆమె వెబ్‌స్టర్, రొట్టెలు కాల్చే ఆమె బాక్‌స్టర్. ఇవి తర్వాత ఇంటిపేర్లయ్యాయి. డిక్షనరీ అట్ట మీద చూస్తామే, ఆ వెబ్‌స్టర్ ఇదే. స్పిన్‌స్టర్ 14వ శతాబ్దం నుంచీ రాతల్లో ఉంది, అచ్చంగా వృత్తి పేరు. ఒక్క మగ్గానికి నూలు అందాలంటే చాలామంది వడకాలి కనుక పెళ్లైనవాళ్లూ వడికారు, కానివాళ్లూ వడికారు. మగదిక్కు లేని ఆడది సొంతంగా బతకడానికి దొరికే కొద్ది పనుల్లో అదొకటి. అలా 17వ శతాబ్దంలో చట్టం కాగితాల్లో పెళ్లికాని స్త్రీ పేరు పక్కన ఆ మాట చేరింది. 18వ శతాబ్దానికి వెక్కిరింపూ తోడైంది. మెత్తటి దూది ఏకై వచ్చి మేకై కూర్చోవడమంటే ఇదే. ఇంగ్లండ్, వేల్స్ పెళ్లి రిజిస్టర్లలోంచి ఆ మేకు ఊడింది 2005లో! బ్యాచిలర్‌నీ అప్పుడే తీసేసి ఇద్దరికీ 'సింగిల్' అని పెట్టారు. బ్యాచిలర్‌కి మాత్రం ఇన్నేళ్లలో అంత మచ్చ అంటలేదు. మన దగ్గరైతే మహా అయితే అద్దె ఇల్లు దొరకదు, అంతే.

అందుకే పాత మాట కనబడితే అర్థంతో పాటు కథ జరిగిన కాలం కూడా చూసుకో. పెద్ద నిఘంటువుల్లో ఒక్కో అర్థం కింద ఏళ్లు వేసి వాడుకలు ఇస్తారు. ఇక్కడ "నూలు వడికే ఆవిడ" అంటే సరిపోతుంది. అయితే ఆ తర్వాత కదురు (నూలు చుట్టుకునే ఊచ), ఏకు (వడకడానికి చుట్టిన దూది), చిలప (నూలు కట్ట) లాంటి మాటలు కావాల్సొస్తాయి. వీలైతే ఒకసారి ఖద్దరు నేసే పొందూరు వెళ్లు. అక్కడ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. ఆ ఇంగ్లిష్ ఆవిడది ఉన్ని, వీళ్లది పత్తి, అయినా వేళ్ల మధ్య పోగు సాగడం ఒకటే. వాళ్ల మాటలు విని రాసుకో.

మూడో పేజీ మార్చి పంపు. ఆ మొగుడు రొట్టె తినే ముక్క మాత్రం కదపకు, బాగా వచ్చింది.