కొత్త అథ్లెటిక్ డైరెక్టర్ ఎంపిక కమిటీలో చోటు దొరికితే ఏం అడగాలి?

ప్రశ్న: మాది గుంటూరు. టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో ఒక డివిజన్-1 (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) యూనివర్సిటీలో ఫైనాన్స్ మూడో ఏడాది చదువుతున్నాను. మా అథ్లెటిక్ డైరెక్టర్ (వర్సిటీ క్రీడా విభాగం అధిపతి) పదవి ఖాళీ అయింది. కొత్తవారిని ఎంపిక చేసే కమిటీలో క్రీడాకారుల తరఫున నన్ను వేశారు. డబ్బు సరిపోక టెన్నిస్ జట్లను తీసేస్తారని చెప్పుకుంటున్నారు. ఇంటర్వ్యూల్లో ఏం అడగాలి? మున్ముందు నేనూ ఈ ఉద్యోగంలోకి రావాలంటే ఏ పీజీ చేయాలి? – ఓ విద్యార్థిని

జవాబు: ఎంపిక చేసేది వర్సిటీ ప్రెసిడెంట్. కమిటీ సిఫారసు మాత్రమే చేస్తుంది. చాలాచోట్ల ముగ్గురు నలుగురి పేర్లను ర్యాంకులు లేకుండా, ఒక్కొక్కరి బలాలూ లోపాలూ రాసి పైకి పంపుతారు. మీ మాటకు విలువ దక్కేది ఆ రాతలోనే. అందుకే ఆ నివేదిక ఎవరు రాస్తారో, ప్రతి సభ్యుడి అభిప్రాయమూ అందులోకి వెళ్తుందో లేదో మొదటి సమావేశంలోనే చైర్‌ను అడగండి.

అభ్యర్థులను వెతికే పని సాధారణంగా ఒక సెర్చ్ సంస్థకు అప్పగిస్తారు. మొదటి విడత ఇంటర్వ్యూలు వీడియోలోనో, ఎయిర్‌పోర్టు దగ్గరి హోటల్లోనో జరుగుతాయి. గంట, గంటన్నరలో ముగుస్తాయి. ఇంత గుట్టు ఎందుకంటే, దరఖాస్తు చేసినవారిలో చాలామంది మరో వర్సిటీలో ఇప్పటికే పెద్ద పదవిలో ఉంటారు. పేరు బయటికొస్తే అక్కడి దాతలు, కోచ్‌లు నిలదీస్తారు, దాంతో మంచి అభ్యర్థులే ముందుగా తప్పుకుంటారు. జట్టు వాట్సాప్ గ్రూపులోనే కాదు, ఇంట్లో అమ్మానాన్నలకు కూడా పేర్లు చెప్పకండి. మీది ప్రభుత్వ వర్సిటీ అయితే ఇంకో జాగ్రత్త కూడా అవసరం. చాలా రాష్ట్రాల్లో మీ ఈమెయిళ్లనూ నోట్సునూ సమాచార చట్టం కింద ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. ఉద్యోగానికి సంబంధించిన మాటలే రాయండి. వయసు, పెళ్లి, పిల్లలు, మతం గురించి ఇంటర్వ్యూలోనే కాదు, భోజనాల దగ్గర కూడా అడగకూడదు.

ఇక అసలు సంగతి డబ్బు. ఇంటర్వ్యూలకు ముందే మీ వర్సిటీ మూడేళ్ల లెక్కలు చూడండి. అథ్లెటిక్స్‌లో పురుషులకు, మహిళలకు ఎంత ఖర్చవుతోందో ఏటా ప్రభుత్వానికి చెప్పాలనే చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఇచ్చే లెక్కలను విద్యాశాఖ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. మీరు చదివేది ఫైనాన్సే కాబట్టి అందులోని మెలిక వెంటనే పట్టుకుంటారు. చాలా వర్సిటీలకు అక్కడ రాబడీ ఖర్చూ సరిసమానంగా కనబడతాయి. వర్సిటీ ఇచ్చే సాయం, విద్యార్థుల నుంచి వసూలు చేసే ఫీజు కూడా రాబడి కిందే రాసేస్తారు కాబట్టి లోటు కనబడదు. ఆ రెండూ తీసేసి, టికెట్లు, విరాళాలు, ప్రసార హక్కులు, కాన్ఫరెన్సు (కలిసి ఆడే వర్సిటీల లీగ్) ఇచ్చే వాటా మాత్రమే కలిపి చూస్తే అసలు పరిస్థితి తెలుస్తుంది. పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్సుల బయట ఉన్న చాలా వర్సిటీలు ఆ సాయం మీదే నడుస్తున్నాయి.

దీనికి తోడు, కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ మీద క్రీడాకారులు వేసిన ‘హౌస్’ కేసులో కుదిరి, 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంటు ఒకటుంది. అందులో చేరిన వర్సిటీలు 2025–26లో తమ క్రీడాకారులకు సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. స్కాలర్‌షిప్‌ల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. పాత క్రీడాకారులకు పదేళ్లలో ఇవ్వాల్సిన దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారం కోసం ఎన్‌సీఏఏ నుంచి వచ్చే వాటా తగ్గుతుంది. ఈ కోత సెటిల్‌మెంటులో చేరని వర్సిటీలకూ తప్పదు. మీ దగ్గర టెన్నిస్ మాట లేవడానికి కారణం ఇదే అయి ఉండొచ్చు. కాబట్టి ప్రతి అభ్యర్థినీ ఇలా అడగండి: ‘మీరు నడిపిన బడ్జెట్ ఎంత? లోటు వచ్చిన ఏడాది ఏం కోశారు, ఏ క్రమంలో కోశారు?’ పని తెలిసినవారు అంకెలతో చెబుతారు: ప్రయాణాలు ఇంత, ఖాళీ పోస్టులు ఇన్ని, చార్టర్ విమానాలు మానేశాం అని. ‘విరాళాలు పెంచాం’ అని మాత్రమే అంటే, ఎవరి నుంచి, ఎంత, ఏ పనికని అడగండి. స్టేడియానికని ఇచ్చిన విరాళాన్ని టెన్నిస్ కోచ్ జీతానికి వాడలేరు.

‘టెన్నిస్ ఉంచుతారా?’ అని మాత్రం అడగకండి. అందరూ ఉంచుతామనే అంటారు, ఆ మాటకు విలువ ఉండదు. పైగా మీరు అక్కడ కూర్చున్నది క్రీడాకారులందరి తరఫున. అదే విషయాన్ని మరోలా అడగొచ్చు: ‘ఒక జట్టును తీసేయక తప్పకపోతే ఏ లెక్కలు చూస్తారు? మొదట ఎవరికి చెబుతారు, సీజన్‌లో ఎప్పుడు చెబుతారు?’ ఈ ప్రశ్నకు సరైన జవాబులో మూడు సంగతులు ఉండాలి. మొదటిది, డివిజన్-1లో ఉండాలంటే కనీసం 14 క్రీడలు నడపాలి, అమెరికన్ ఫుట్‌బాల్‌ను పై స్థాయిలో ఆడే చోట 16. సరిగ్గా ఆ సంఖ్య దగ్గరే ఉన్న వర్సిటీ ఒకటి తీసేస్తే మరొకటి పెట్టాల్సిందే. రెండోది, స్కాలర్‌షిప్ ఖర్చులో ఎక్కువ భాగం వర్సిటీ ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకునేదే. ఫీజులో కొంత చేతి నుంచి కట్టే ఆటగాళ్లు వెళ్లిపోతే ఆ రాబడీ పోతుంది.

మూడోది, విద్యాసంస్థల్లో ఆడామగా వివక్ష కూడదనే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. క్రీడాకారుల్లో అమ్మాయిల వాటా, మొత్తం విద్యార్థుల్లో వారి వాటాకు దగ్గరగా ఉందా అన్నది దీని కింద చూసే లెక్కల్లో ఒకటి. ఉదాహరణకు 400 మంది క్రీడాకారుల్లో 188 మంది అమ్మాయిలుంటే 47 శాతం. 9 మంది ఉన్న మహిళల టెన్నిస్ జట్టును తీసేస్తే 391కి 179, అంటే 45.8 శాతం. మొత్తం విద్యార్థుల్లో అమ్మాయిలు 55 శాతం ఉన్న చోట ఈ తేడా కోర్టు దాకా పోవచ్చు. అయోవా యూనివర్సిటీ 2020లో పురుషుల జిమ్నాస్టిక్స్, పురుషుల టెన్నిస్, పురుషుల, మహిళల స్విమ్మింగ్ తీసేస్తామంది. మహిళా క్రీడాకారులు టైటిల్ నైన్ కింద కోర్టుకు వెళ్లాక మహిళల స్విమ్మింగ్‌ను 2021లో తిరిగి నిలబెట్టింది. పురుషుల జట్లు పోయాయి. స్టాన్‌ఫర్డ్ అదే 2020లో 11 క్రీడలను రద్దు చేస్తామని చెప్పి, పూర్వ క్రీడాకారుల ఒత్తిడితో మరుసటి ఏడాది వెనక్కి తగ్గింది. మీ అభ్యర్థులకు ఈ రెండు ఉదంతాలూ తెలిసి ఉండాలి. తెలియనివారు మీ జట్ల గురించి తీసుకునే నిర్ణయం తొందరపాటే అవుతుంది.

కోచ్‌ల ఒప్పందాల సంగతి కూడా వదలకండి. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎం ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను పంపించేస్తే, ఒప్పందం ప్రకారం ఆయనకు ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైమాటే. గెలిచిన వేడిలో చేసే పొడిగింపుల వల్ల ఇలా జరుగుతుంది. ‘ఇప్పటివరకు మీరు కోచ్‌లతో చేసుకున్న ఒప్పందాల్లో హామీ మొత్తం ఎంత? కోచ్ వేరే ఉద్యోగంలో చేరితే ఆ మొత్తం తగ్గే షరతు పెట్టారా?’ అని అడగండి.

క్రీడాకారుల సంక్షేమం గురించి అందరూ తీయగా మాట్లాడతారు. అక్కడ కూడా ఆధారాలే చూడండి. సీజన్‌లో వారానికి 20 గంటలకు మించి సాధన చేయించకూడదన్న నియమాన్ని వారి వర్సిటీలో ఎవరు సరిచూస్తారు? కోచ్ మీద ఫిర్యాదు వస్తే మొదటి రెండు రోజుల్లో ఏం చేశారు? చదువు రికార్డుకు ఎన్‌సీఏఏ ఇచ్చే ఏపీఆర్ స్కోరు నాలుగేళ్ల సగటు 930 కంటే తగ్గితే ఆ జట్టును పోస్ట్‌సీజన్ (సీజన్ చివరి టోర్నీలు) ఆడనివ్వరు. అభ్యర్థి పనిచేసిన చోట జట్ల స్కోర్లు బహిరంగంగానే ఉంటాయి, ముందే చూసుకుని వెళ్లండి. పాత సహోద్యోగులకు మీరే ఫోన్లు చేయకండి. అభ్యర్థి ఇచ్చిన జాబితాలో లేనివారితో, ముఖ్యంగా అథ్లెటిక్ ట్రైనర్లతో, మహిళా అధికారులతో మాట్లాడమని చైర్ ద్వారా సెర్చ్ సంస్థను కోరండి.

ఇప్పుడు మీ చదువు సంగతి. ఈ పదవికి ఫలానా డిగ్రీయే ఉండాలన్న నియమం లేదు. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ పేరు బాగుంటుంది కానీ సాధారణంగా అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో లేని కోర్సు. చదువయ్యాక 12 నెలల ఓపీటీ (అమెరికాలో పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) తప్ప మరో 24 నెలల పొడిగింపు రాదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారికి ఆ రెండేళ్లు చాలా విలువైనవి. మీ ఫైనాన్స్ పునాది మీద బిజినెస్ అనలిటిక్స్ లాంటి స్టెమ్ కోర్సు తీసుకుని, దాంతో పాటే అథ్లెటిక్స్ శాఖలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరడం మంచిదని మా సలహా. చేరేముందు వర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలోని కోర్సు కోడ్ స్టెమ్ జాబితాలో ఉందో లేదో చూసుకోండి, ఒకే పేరున్న కోర్సుకు రెండు వర్సిటీల్లో వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. వర్సిటీ ఉద్యోగంలో ఇంకో సౌలభ్యం ఉంది. హెచ్-1బికి లాటరీ అక్కర్లేదు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు వేస్తారు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల చెల్లింపు నిబంధన అమెరికాలోనే ఉండి స్టేటస్ మార్చుకునేవారికి వర్తించదని ఇమిగ్రేషన్ శాఖ ఆ అక్టోబరులో చెప్పింది. ఈ నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి ఆ సమయానికి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో మళ్లీ సరిచూసుకోండి.

ఏ విభాగంతో మొదలుపెట్టాలంటే, నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసు గానీ, లెక్కలు చూసే బిజినెస్ ఆఫీసు గానీ. టికెటింగ్, మార్కెటింగ్‌లో పోటీ ఎక్కువ. అసిస్టెంట్ డైరెక్టర్, అసోసియేట్, డిప్యూటీ మెట్లెక్కి పైకి రావడానికి పదిహేను ఇరవై ఏళ్లు పట్టడం మామూలే. వాండర్‌బిల్ట్‌లో బాస్కెట్‌బాల్ ఆడి, అక్కడే ఉద్యోగంలో ఎదిగిన కాండిస్ స్టోరీ లీ 2020లో అదే వర్సిటీకి అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యారు. విరాళాలు సేకరించిన అనుభవం లేకుండా మాత్రం చివరి మెట్టు ఎక్కడం కష్టం, మధ్యలో రెండు మూడేళ్లయినా ఆ విభాగంలో పనిచేయాలి.

ఒక హెచ్చరిక. కొత్త పద్ధతిలో వర్సిటీయో, ఏ కంపెనీయో మీకు డబ్బిస్తామని ఒప్పందం ముందు పెడితే, ఇమిగ్రేషన్ లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. తోటి అమెరికన్ ఆటగాళ్లు నిశ్చింతగా తీసుకునే ఆ డబ్బును ఎఫ్-1 వీసా మీద అనుమతి లేని ఉద్యోగంగా లెక్కగడితే మీ స్టేటస్‌కే ప్రమాదం.